బోరు స్టార్టర్ కార్డు చెడింది కరెంటు వల్లా, కోడు వల్లా?

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో బోరు మోటార్ల ఆటోమేటిక్ స్టార్టర్ల మీద పాత తగువే మళ్లీ లేచింది. మోటారు నడిచిన గంటలు కార్డు (స్టార్టర్ లోపలి సర్క్యూట్ బోర్డు) తప్పు చూపుతోందని, దానిలోని కోడే (ప్రోగ్రామే) కారణమని రైతులు, వోల్టేజీ ఎగుడుదిగుళ్లే కారణమని అమ్మినవాళ్లు.

అమ్మినవాళ్ల మాటలో కొంత నిజముంది. ఉదాహరణకు ఏటీమెగా328పీ అనే చిన్న ప్రాసెసర్ చిప్‌లో ఈఈప్రామ్ (కరెంటు పోయినా విలువలు నిలిచే మెమరీ) బైటు రాయడానికి దాదాపు 3.4 మిల్లీసెకన్లు పడుతుంది. వోల్టేజీ తగ్గితే చిప్‌ను ఆపే బ్రౌన్ అవుట్ డిటెక్టర్ ఆన్ చేయకపోతే, ఆ మధ్యలో కరెంటు పడిపోయినప్పుడు విలువ చెడవచ్చు. అలా చెడిన గడిలో (మెమరీలో ఒక చోటులో) మళ్లీ రాస్తే నిలుస్తుంది, అరిగిన గడిలో నిలవదు. రాసి, కరెంటు తీసేసి, మర్నాడు చదివి చూడండి.

ఇక కోడు వైపు లెక్క. రాసిన ప్రతిసారీ గడి కొంచెం అరుగుతుంది. వ్యవసాయ కరెంటు రోజుకు 9 గంటలు అనుకుందాం. నిమిషానికోసారి ఒకే గడిలో రాస్తే రోజుకు 540 రాతలు. చిప్ తయారీదారు డేటాషీటులో (వివరాల పత్రంలో) ఇచ్చిన హామీ గడికి లక్ష రాతలు. 185 రోజుల్లో అయిపోతుంది! అదే 16 చోట్ల వంతులవారీగా రాస్తే ఎనిమిదేళ్లు.

ఇంత తేలికైన పని ఎందుకు జరగదు? ఒక ఉదాహరణ 2009లో ఉంది. రాతలతో అరిగే మరో రకం మెమరీ అయిన ఫేజ్ ఛేంజ్ మెమరీపై ఆ ఏడాది వచ్చిన స్టార్ట్-గ్యాప్ పద్ధతి, అరుగుదలను అన్ని చోట్లకూ పంచడానికి రెండు రిజిస్టర్లు (చిప్ లోపలి చిన్న నిల్వలు), ఒక ఖాళీ లైనుతో (మెమరీ వరుసతో) సరిపెట్టింది. ప్రతి 100 రాతలకు ఆ ఖాళీ ఒక లైను జరుగుతుంది, ఏ డేటా ఒకేచోట ఉండిపోదు. అరుగుదల మెమరీ కంట్రోలర్ (మెమరీని నడిపే విభాగం) చూసుకుంటుందిలే అన్న ధీమా ఇలాంటి పద్ధతులతో కలగవచ్చు. మన కార్డులోని చిన్న చిప్‌లో ఆ కంట్రోలరే లేదు. ఉన్నా అది రాతల్ని పంచుతుందే తప్ప తగ్గించదు. 2021లో టెస్లా సుమారు 1,35,000 కార్లను వెనక్కి పిలిచింది వాటిలోని ఈఎంఎంసీ (కంట్రోలర్ ఉన్న ఫ్లాష్ మెమరీ) అరిగిపోవడం వల్లే.

తగ్గించేది కంపైలర్, అంటే మనం రాసిన కోడును చిప్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్. లూపులో (మళ్లీ మళ్లీ నడిచే కోడులో) మారే విలువను రిజిస్టర్‌లో ఉంచి చివర ఒక్కసారే రాస్తుంది. చదవకముందే చెరిగిపోయే రాతను తీసేస్తుంది. రిజిస్టర్లు చాలనప్పుడు పొంగే విలువల్ని ఎస్‌ర్యామ్‌కు (రాతలతో అరగని తాత్కాలిక మెమరీకి) పంపేలా దానికి చెప్పవచ్చు. వేరియబుల్‌కు (కోడులో విలువ పెట్టుకునే పేరుకు) వోలటైల్ అన్న మాట తగిలిస్తే మాత్రం కంపైలర్ ఒక్క రాతనూ తీయలేదు. అవసరం లేనిచోట కూడా దాన్ని తగిలించేస్తుంటారు. రాతలు మరీ తగ్గిస్తే కరెంటు పోయినప్పుడు పని పోతుంది. అందుకే 2011లో వచ్చిన మెమెంటోస్ అనే పరిశోధన సాఫ్ట్‌వేర్ లూపుల చివర, ఫంక్షన్ల (కోడు భాగాల) ముగింపులో వోల్టేజీ చూసి, అది హద్దు కంటే తగ్గితేనే అప్పటిదాకా చేసిన పనిని భద్రపరిచేది.

కంపైలర్ చేసే ఈ తగ్గింపులన్నీ ఎఫ్‌ర్యామ్‌లా (కరెంటు పోయినా నిలిచే మరో మెమరీ) కోడు నేరుగా రాయగలిగే మెమరీకి. ఈఈప్రామ్ రాత లైబ్రరీ ఫంక్షన్ (ముందే రాసిపెట్టిన కోడు) గుండా వెళ్తుంది కనుక కంపైలర్ చేయి అక్కడికి అందదు. ఆ లైబ్రరీలో రైట్ ఫంక్షన్ బదులు అప్‌డేట్ పిలిస్తే విలువ మారనప్పుడు రాయదు. నిమిషాల లెక్కలో చివరి బైటు ప్రతిసారీ మారుతుంది కాబట్టి వంతుల పద్ధతి కోడు రాసేవారే పెట్టాలి. కొత్త కార్డు కొనేటప్పుడు రోజుకు ఎన్ని రాతలు, ఎన్ని గడుల్లో అని అమ్మేవారిని అడగండి.