బాంబు గురించి పాటలేంటి అని అడిగిన పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

“అమ్మమ్మా, అణుబాంబు గురించి పాటలు పాడటమేంటి? అలాంటిది డబ్బు పెట్టి ఎందుకు చూస్తారు?” అని మొన్న ఫోన్‌లో అడిగారు. ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదే. తీరిగ్గా చదవండి.

ఒపెరా అంటే పాటతోనే నడిచే నాటకం. ఇటలీలో 1600 ప్రాంతంలో మొదలైంది. మన పద్యనాటకంలో పద్యానికీ పద్యానికీ మధ్య మాటలుంటాయి. ఒపెరాలో చాలావరకు ఆ మాటలు కూడా సంగీతంలోనే సాగుతాయి. ప్రేమలు, రాజులు, దేవతలు, పగలు, విషం తాగి చనిపోవడాలు, పాత ఒపెరాల నిండా ఇవే. ఈ కాలపు వాళ్లు మాత్రం పేపర్లో చదవడానికే కష్టంగా ఉండే విషయాలను ఎంచుకుంటున్నారు. మరణశిక్ష పడ్డ ఖైదీ గురించి ఒకటి 2000లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదటిసారి ఆడింది. స్కూల్లో జరిగిన కాల్పుల గాయం పదేళ్ల తర్వాత కూడా మానని కుటుంబాల గురించి ఇంకొకటి 2021లో ఫ్రాన్స్‌లో వచ్చింది. మీరు అడిగిన బాంబు ఒపెరా పేరు ‘డాక్టర్ అటామిక్’. సంగీతం జాన్ ఆడమ్స్‌ది. మాటలు కూర్చినది పీటర్ సెల్లర్స్. 2005 అక్టోబరులో, అది కూడా శాన్ ఫ్రాన్సిస్కోలోనే మొదలైంది. నేను దాన్ని 2018 వేసవిలో, మీ పిన్నితో కలిసి న్యూ మెక్సికోలోని సాంటా ఫేలో చూశాను.

కథ 1945లో, జూన్ నెలలో కొంత, జులై 15 రాత్రి మిగతాది. ప్రపంచంలో మొదటి అణుబాంబును తయారు చేసినవాళ్లు దాన్ని ఎడారిలో పేల్చి చూడబోతున్నారు. రాబర్ట్ ఓపెన్‌హైమర్ ఆ శాస్త్రవేత్తల పెద్ద. సైన్యం తరఫున జనరల్ గ్రోవ్స్. ఓపెన్‌హైమర్ భార్య కిటీ, వాళ్ల ఇంట్లో పిల్లలను చూసుకునే పస్‌క్వలీటా అనే ఆదివాసీ స్త్రీ. అంతే, పెద్ద మలుపులేమీ లేవు. చివరికి ఏమవుతుందో టికెట్ కొనే ముందే అందరికీ తెలుసు.

మరి మూడు గంటలు ఎందుకు కూర్చోవడం? మన ఊళ్లలో రాయబారం సీనుకు జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. సంధి కుదరదని, యుద్ధం వస్తుందని తెలియనివాళ్లు ఒక్కరూ ఉండరు. అయినా ఎవరు ఏ మాట అన్నారు, ఎవరు నోరు మూసుకున్నారు, ఎక్కడ ఆపగలిగేవాళ్లు ఆపలేదు అన్నది చూడటానికే కూర్చునేవాళ్లు. ఇక్కడా అంతే. మీ చరిత్ర పుస్తకంలో ‘1945 జులై 16న పరీక్ష జరిగింది’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం వెనకున్న రాత్రిని ఈ ఒపెరా విప్పి మన ముందు పెడుతుంది. పాట వల్ల కాలం నెమ్మదిస్తుంది. నెమ్మదించినప్పుడు, ఆ రాత్రి అక్కడున్న మనుషులు మనలాగే నిద్ర లేక, భయపడి, వాదించుకుని, సర్దుకుపోయినవాళ్లని కనిపిస్తుంది. నాకు ఈ ఒపెరా విలువ అక్కడే ఉందనిపిస్తుంది.

ఇందులో పాత్రలు పాడే మాటలు చాలావరకు కొత్తగా రాసినవి కావు. ప్రభుత్వం రహస్యం తొలగించి బయటపెట్టిన కాగితాలు, మీటింగుల మినిట్స్, ఉత్తరాలు, జ్ఞాపకాలు, వాటి మధ్య కవితలు. మొదట్లోనే బృందగానంలో ఒక భౌతికశాస్త్ర సూత్రం వస్తుంది. పదార్థాన్ని సృష్టించలేం, నాశనం చేయలేం, రూపం మాత్రం మార్చగలం అని. 2005లో విన్న ఒక భౌతిక శాస్త్రవేత్త, బాంబులో జరిగేది ఇది కాదు కదా అని అభ్యంతరం చెప్పారు. తర్వాత ఆ మాటలను ‘అని మేం నమ్మాం’ అని సవరించారు. పదార్థం శక్తిగా మారగలదని ఇప్పుడు తెలిసింది అని కూడా చేర్చారు. ఇన్నేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినదాన్ని కాబట్టి ఈ సవరణ నాకు ఎంతో ఇష్టం. ఆ ఎడారిలో నిజంగా శక్తిగా మారిపోయిన పదార్థం ఒక గ్రాము, అంతే. పేలుడు బలం మాత్రం టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం దాదాపు 21,000 టన్నులతో సమానం.

మొదటి అంకంలో రాబర్ట్ విల్సన్ అనే కుర్ర శాస్త్రవేత్త వస్తాడు. అతని మీద కన్నేసి ఉంచండి. జర్మనీ మే నెలలోనే లొంగిపోయింది. హిట్లర్ ముందుగా బాంబు చేస్తాడేమో అన్న భయంతో మొదలుపెట్టిన పని ఇది. ఆ భయం పోయాక ఇంకా ఎందుకు, కనీసం జపాన్‌కు ముందు హెచ్చరిక అయినా ఇవ్వొద్దా అని అతను అడుగుతాడు. ఓపెన్‌హైమర్ ఒప్పుకోడు. వాషింగ్టన్‌లో పెద్దలు తీసుకున్న నిర్ణయాన్ని చదివి వినిపిస్తాడు. హెచ్చరిక ఉండదు. చాలామంది పనిచేసే యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీ, చుట్టూ ఆనుకుని కార్మికుల ఇళ్లు ఉన్న చోటు లక్ష్యంగా బాగుంటుందట. ఇది కవి కల్పన కాదు పిల్లలూ, ఆఫీసు మినిట్స్‌లో ఉన్న మాట. దాన్ని చదివితే ఒక రకం. ఒక చక్కటి గొంతు దాన్ని నిదానంగా పాడుతుంటే ‘కార్మికుల ఇళ్లు’ అన్న చోట ఒళ్లు చల్లబడింది నాకు.

ఆ తర్వాత ఇంకో చోట జనరల్ గ్రోవ్స్ గారు తన ఒళ్లు తగ్గడం లేదని, ఏ రోజు ఎన్ని కేకు ముక్కలు తిన్నదీ క్యాలరీలతో సహా చెబుతాడు. హాల్లో నవ్వులు వచ్చాయి. అదే మనిషి కాసేపటి ముందు, తుఫాను వస్తోందని చెప్పిన వాతావరణ అధికారి మీద విరుచుకుపడ్డాడు. సైన్యం డాక్టరు కెప్టెన్ నోలన్, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఏర్పాటు లేదని మొత్తుకుంటే పెద్దగా పట్టించుకోలేదు. కేకు తినే మనిషే ఆ పని కూడా చేశాడు. దుర్మార్గుడికి కోరలుంటాయని అనుకుంటే మనం ఎవరినీ గుర్తుపట్టలేం.

మొదటి అంకం చివర ఓపెన్‌హైమర్ ఒక్కడే బాంబు ముందు నిలబడి పాడతాడు. ఆ మాటలు జాన్ డన్ అనే పాత ఇంగ్లీషు కవివి. ‘నా గుండెను బద్దలు కొట్టు దేవా, నన్ను పడగొట్టి మళ్లీ కొత్తగా నిలబెట్టు’ అన్న ప్రార్థన అది. ఆ పరీక్షకు ‘ట్రినిటీ’ అని పేరు పెట్టింది ఓపెన్‌హైమరే. డన్ కవితలే మనసులో ఉన్నాయని ఆయన తర్వాత చెప్పుకున్నారు. జూన్‌లో సహోద్యోగుల నోరు మూయించిన మనిషి ఆ జులై రాత్రి దేవుణ్ణి ఇలా వేడుకుంటాడు. అతన్ని క్షమించాలా వద్దా అన్నది పాట చెప్పదు. ఒపెరా మొత్తంలో ఏదైనా ఒక్కటే వినే టైమ్ ఉంటే ఇది వినండి.

రెండో అంకం నాకు కొంచెం సాగినట్టే అనిపించింది. కిటీకి ఇచ్చిన కవితలు బరువైనవి, ఒక్కసారి వింటే అందవు. ఆమెకు ఇంకా సూటి మాటలు ఇచ్చి ఉండాల్సింది. కానీ పస్‌క్వలీటా పాడే జోలపాట ఉంది చూడండి, మేఘాలూ మెరుపులూ పువ్వుల్లా విచ్చుకుంటున్నాయని చంటిపిల్లకు పాడుతుంది. బయట తుఫాను, దూరంగా ఎడారిలో 30 మీటర్ల ఇనప టవర్ మీద బాంబు.

ఆ తుఫాను మధ్యలో హఠాత్తుగా గీత వినిపిస్తుంది. అవును, మన భగవద్గీతే. ఓపెన్‌హైమర్ బర్క్‌లీలో పనిచేసేటప్పుడు ఆర్థర్ రైడర్ అనే పండితుడి దగ్గర సంస్కృతం నేర్చుకుని గీత మూలంలో చదివారు. ‘కాలోఽస్మి లోకక్షయకృత్’ అన్న శ్లోకం తనకు గుర్తొచ్చిందని 1965లో టీవీలో చెప్పారు, అందరికీ తెలిసింది అదే. అది కృష్ణుడి మాట. ఒపెరాలో పెద్ద బృందగానంగా వినిపించేది అర్జునుడి మాట, విశ్వరూపదర్శనంలో 23వ శ్లోకం:

రూపం మహత్తే బహువక్త్రనేత్రం మహాబాహో బహుబాహూరుపాదమ్
బహూదరం బహుదంష్ట్రాకరాలం దృష్ట్వా లోకాః ప్రవ్యథితాస్తథాహమ్

ఎన్నో నోళ్లు, కళ్లు, చేతులు, కాళ్లు, పొట్టలు, భయంకరమైన కోరలు ఉన్న నీ రూపం చూసి లోకాలన్నీ వణికిపోతున్నాయి, నేను కూడా, అని. ఇంగ్లీషు అనువాదంలో పాడతారు. బాంబు కథలో గీత ఏమిటని మనవాళ్లలో కొందరికి నచ్చకపోవచ్చు. నాకు మాత్రం సరైన చోటే వచ్చిందనిపించింది. నేనే మృత్యువునని చెప్పుకునే గొంతు కాకుండా, చూసి వణికిపోయిన గొంతును ఎంచుకున్నారు. దాన్ని ఒక్కడి చేత కాకుండా జనమంతటి చేతా పాడించారు.

చివర్లో కౌంట్‌డౌన్. గడియారంలో నిమిషాలు, సంగీతంలో ఎంతోసేపు. పక్క సీటులో మీ పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అంత టెన్షన్. ఢామ్మని పేలుడు వస్తుందని ఎదురుచూడకండి, రాదు. వింత శబ్దాలు కమ్ముకుంటాయి, వాటిలోంచి ఒక జపాన్ స్త్రీ గొంతు వినిపిస్తుంది. పిల్లలు దాహం అంటున్నారు, నీళ్లు ఇవ్వండి అని జపాన్ భాషలో అడుగుతూ ఉంటుంది. ట్రినిటీ పరీక్షకూ హిరోషిమాకూ మధ్య ఉన్నది మూడు వారాలే. ఆ ఏడాది ముగిసేలోపు ఒక్క హిరోషిమాలోనే సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా.

సాంటా ఫే థియేటర్‌కు పక్క గోడలు లేవు. వేదిక వెనక భాగం తెరిచి ఉంచితే, చీకటి పడ్డాక దూరాన కొండ మీద లాస్ అలమోస్ దీపాలు కనిపిస్తాయి. బాంబు తయారైన ఊరు అదే. ఆ ఏడాది ప్రదర్శనలో చుట్టుపక్కల ప్వెబ్లో గ్రామాల ఆదివాసులు వేదిక మీద తమ మొక్కజొన్న నాట్యం చేశారు. ట్రినిటీ ధూళి పడిన ప్రాంతాల వాళ్లు కూడా వచ్చి మౌనంగా నిలబడ్డారు. వాళ్లను అక్కడ ‘డౌన్‌విండర్స్’ అంటారు. 1945లో వాళ్ల పెద్దవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇళ్ల మీద, వాననీళ్లు పట్టుకునే తొట్లలో బూడిద పడింది, ఆ నీళ్లే తాగారు. తర్వాత కుటుంబాలకు కుటుంబాలే క్యాన్సర్ల పాలయ్యాయని చెబుతారు. రేడియేషన్ బాధితులకు పరిహారం ఇచ్చే చట్టం అమెరికాలో 1990లో వచ్చింది, అందులో వీళ్లు లేరు. 2025లో గానీ చేర్చలేదు. పరీక్షకు అప్పటికి 80 ఏళ్లు! కోపం వస్తోంది కదా? నాకూ వచ్చింది. 2019లో మన నల్లమలలో యురేనియం వెతుకుతామన్నప్పుడు అక్కడి చెంచులు, ఊళ్లవాళ్లు ఎందుకంత గట్టిగా అడ్డు నిలిచారో ఈ సంగతి తెలిశాక ఇంకా బాగా అర్థమవుతుంది. అడగకుండా తమ నేల మీద ఏదీ చేయొద్దన్నారు వాళ్లు.

ఇక వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. కథ ముందే చదువుకుని వెళ్లండి, సస్పెన్స్ ఏమీ పాడవదు. పాడేది ఇంగ్లీషే అయినా చెవికి అందదు. సాంటా ఫేలో ఎదుటి సీటు వెనక చిన్న తెర మీద మాటలు వస్తాయి, చాలా చోట్ల వేదిక పైన చూపిస్తారు. అన్నీ చదవాలని పట్టుబట్టకండి, కళ్లు వేదిక మీద ఉండాలి. పట్టు బట్టలేమీ అక్కర్లేదు, సాంటా ఫేలో రాత్రి చలి వేస్తుంది కాబట్టి స్వెట్టర్ మాత్రం ఉండాలి. మరీ భారంగా అనిపిస్తే విరామంలో లేచి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమనుకోరు. పన్నెండేళ్ల లోపు పిల్లలను తీసుకెళ్లొద్దు. ముఖ్యంగా, చూసి వచ్చిన రాత్రే ‘నచ్చిందా’ అని ఒకరినొకరు అడగకండి. రెండు రోజులు పోనీయండి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కూడా వినొచ్చు. ఆడమ్స్ స్వయంగా నడిపించిన రికార్డింగు 2018లో వచ్చింది. ఓపెన్‌హైమర్‌గా పాడింది జెరల్డ్ ఫిన్లీ, మొట్టమొదటి ప్రదర్శనలో పాడింది కూడా ఆయనే. సెలవులకు వచ్చినప్పుడు మొదటి అంకం కలిసి విందాం. ఈలోగా విల్సన్ గురించి ఆలోచించి పెట్టుకోండి. అన్ని ప్రశ్నలు అడిగినవాడు రాజీనామా చేయకుండా చివరి దాకా అదే పనిలో ఎందుకు ఉండిపోయాడు? మీరైతే ఏం చేసేవాళ్లు? మీ జవాబులు కాగితం మీద రాసి తీసుకురండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ