ఎనిమిదో వంతు అంగుళంతో వచ్చే తంటా: గరాజ్ డోర్ స్ప్రింగ్ కొలతలపై అపోహలు - వాస్తవాలు

డల్లాస్ చుట్టుపక్కల గరాజ్ డోర్లు బాగుచేయడం నా పని. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లానో వైపు మనవాళ్ల ఇళ్లు ఎక్కువ కాబట్టి వాట్సాప్‌లో సగం మెసేజ్‌లు తెలుగులోనే వస్తాయి. పొద్దున్నే ఢామ్మని శబ్దంతో స్ప్రింగ్ విరుగుతుంది, తలుపు లేవదు, కారు లోపలే ఇరుక్కుంటుంది. కాసేపటికి విరిగిన స్ప్రింగ్ ఫోటో, దాని కింద "అన్నా, ఇది 28 అంగుళాలుంది, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయనా?"

ఆగు తమ్ముడూ.

అపోహ: పొడవు తెలిస్తే స్ప్రింగ్ తెలిసినట్టే.

తలుపు పైన రాడ్డుకి తొడిగి ఉండే టార్షన్ స్ప్రింగ్‌కి నాలుగు వివరాలు కావాలి: తీగ మందం, లోపలి వ్యాసం, పొడవు, చుట్టు ఎటు తిరిగిందన్నది. పొడవులో పావు అంగుళం అటూ ఇటూ అయితే పెద్దగా నష్టం లేదు. తీగ మందం దగ్గర ఆ ఆటలు సాగవు. మిగతా కొలతలు అవే ఉంచి 0.243 అంగుళాల తీగ బదులు 0.250 తీగ స్ప్రింగ్ వేశారనుకోండి. మందంలో తేడా మిల్లీమీటరులో ఐదో వంతు కూడా లేదు. బలంలో తేడా మాత్రం దాదాపు 15 శాతం! 150 పౌండ్ల తలుపు మీద అది 22 పౌండ్లకు పైమాటే. తలుపు కిందికి దిగనని మొరాయిస్తుంది. అటుది ఇటైతే ఆ బరువంతా మోటారు మీద పడుతుంది. తలుపును మోసేది మోటారు అనుకుంటారు చాలామంది. నిజానికి బరువు స్ప్రింగ్‌ది, మోటారుది కాస్త తోపుడు పనే.

అపోహ: కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) ఒక తీగ కొలిస్తే చాలు.

తీగ మీద పెయింటు ఉంటుంది, తుప్పు ఉంటుంది. మీ కాలిపర్ ఎంత ఖరీదైనదైనా వాటిని కూడా కలిపే కొలుస్తుంది. అందుకే చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చోట 20 చుట్ల పొడవు టేపుతో తీసి, 20తో భాగిస్తాం. సరిగ్గా 5 అంగుళాలొస్తే తీగ 0.250. అంతకు అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గితే 0.243. మొత్తం కథ ఆ ఎనిమిదో వంతులోనే ఉంది. తప్పులు ఎక్కువగా జరిగేది లెక్కపెట్టడంలో: 20 అనుకుని 21 కొలుస్తారు. నేను ఇప్పటికీ సుద్దతో గీత పెట్టుకునే లెక్కపెడతాను. తర్వాత 10 చుట్లు విడిగా కొలిచి, రెండు లెక్కలూ కలిశాయో లేదో చూస్తాను.

అపోహ: తలుపుకి రెండు స్ప్రింగ్‌లుంటే విరగని రెండోది బాగానే ఉందిగా, దాన్ని కొలిస్తే సరి.

అది ఇంకా టెన్షన్‌లో ఉంది. బిగించేటప్పుడు ఒక్కో తిప్పుకి స్ప్రింగ్ ఒక తీగ మందం మేర సాగుతుంది. ఏడడుగుల తలుపుకి సుమారు ఏడున్నర తిప్పులు. అంటే 0.250 తీగ మీద రెండు అంగుళాలకు కాస్త తక్కువ అదనం. కొలవాల్సింది విరిగినదాన్ని. ముక్కల మధ్య ఖాళీని తీసేసి, చివర్లలో బిగించి ఉండే లోహపు కోన్‌లను వదిలి, చుట్లున్నంత మేర పొడవు చూడాలి. రెండోది కూడా అదే సైజని అనుకోవద్దు. ఎడమా కుడీ వేర్వేరు సైజులున్న తలుపులు బోలెడు చూశాను.

బిగువుగా ఉన్న ఆ రెండో దాన్ని విప్పడానికి స్క్రూడ్రైవర్ పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. స్ప్రింగ్‌ని తిప్పడానికి సరిపడే ఉక్కు కడ్డీలు, వైండింగ్ బార్లుంటాయి. అవి వాడటం రానివాళ్లు కొలతల వరకే ఆగిపోవడం మంచిది.

అపోహ: రంగు చూసి కొనేయొచ్చు.

పట్టాల పక్కన సాగే ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్‌ల మీద రంగు తలుపు బరువును చెబుతుంది: తెలుపు 110 పౌండ్లు, ఎరుపు 150. టార్షన్ స్ప్రింగ్‌ల మీద రంగు తీగ మందానికి గుర్తు. ఒకదాని పట్టికతో రెండోదాన్ని చదివితే అంతే సంగతులు.

అపోహ: స్ప్రింగ్ ఎడమవైపు ఉంది కాబట్టి దాని తీగ ఎడమ చుట్టు.

మామూలు తలుపుకి తిరకాసు: గరాజ్ లోపల నిలబడి తలుపు వైపు చూస్తే, రాడ్డును మధ్యలో పట్టి ఉంచే బ్రాకెట్‌కి కుడివైపున ఉండేదే ఎడమ చుట్టు స్ప్రింగ్.

అపోహ: పాతది ఎంతుంటే కొత్తదీ అంతే.

పాతది ఆ తలుపుకి సరిపోయి ఉంటేనే! టెక్సాస్ ఎండలకి తట్టుకోలేక తలుపు లోపలివైపు ఇన్సులేషన్ షీట్లు అంటిస్తారు, బరువు పెరుగుతుంది, స్ప్రింగ్ సంగతి ఎవరికీ గుర్తురాదు. ఇర్వింగ్‌లో ఒకాయన మూడేళ్లలో రెండుసార్లు మోటారు మార్పించారు. వెళ్లి స్ప్రింగ్‌లు విప్పి, తలుపు కింద బాత్రూమ్ స్కేలు పెట్టి తూచాను. ఉన్న స్ప్రింగ్‌లు మోయగలిగేదానికంటే 18 పౌండ్లు ఎక్కువ చూపించింది. "మోటారు కంపెనీని ఎంత తిట్టానో" అన్నారాయన, స్కేలు వైపే చూస్తూ.