కార్డు పలికేది ఒక్క నంబరే

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఆమె సరుకులు కొనే సూపర్‌మార్కెట్ వాళ్లు కొత్త కార్డు ఇచ్చారట. గీకనక్కర్లేదు, కౌంటరు దగ్గరి యంత్రానికి ఆనిస్తే చాలు, పాయింట్లు పడిపోతాయి. ఆమె సందేహమల్లా, రోడ్డున పోయేవాడెవడైనా సంచిలోని ఆ కార్డును దూరం నుంచే చదివి, తాను ఏమేం కొన్నదో తెలుసుకోగలడా అని. వంటింటి అల్యూమినియం రేకు చుట్టి పెట్టుకోమని తమ్ముడు సలహా ఇచ్చాడట.

ఆ భయం చాలావరకు అనవసరం. భయపడాల్సిన సంగతి మరొకటి ఉంది. దాని దగ్గరికి వెళ్లేముందు కార్డు ఎలా మాట్లాడుతుందో చూడాలి. నన్నడిగితే ఇంతకంటే అందమైన పరికరం మన జేబుల్లో ఇంకోటి లేదు.

ముదురు రంగు ముద్ర లేని కార్డయితే చీకట్లో ఫోను టార్చికి అడ్డంపెట్టి చూడండి. అంచుల వెంబడి నాలుగైదు చుట్లు తిరిగిన సన్నటి తీగ, ఒకచోట చిన్న నల్లటి చుక్క కనిపిస్తాయి. తీగ చుట్ట యాంటెన్నా, చుక్క చిప్. బ్యాటరీ లేదు. దీన్ని చొక్కా జేబులో పెట్టుకుంటే గుండెకు రేడియేషన్ తగులుతుందని వాదించేవాళ్లు ఉన్నారు. యంత్రం దగ్గరికి తీసుకెళ్లనంతసేపూ అది ఉత్త ప్లాస్టిక్ ముక్క. పలకదు, ఉలకదు.

మరి యంత్రం దగ్గర ఎలా పలుకుతుంది? 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణే ఇందుకు మూలం, అంటే ఒక తీగ చుట్టలో కరెంటు మారుతుంటే పక్కనున్న చుట్టలోనూ కరెంటు పుట్టడం. మన ఇంటర్మీడియట్ ఫిజిక్సులో అన్యోన్య ప్రేరణ పేరుతో ఈ పాఠం ఉంది. నిర్వచనానికి కొన్ని మార్కులు, ఉత్పాదనకు మరికొన్ని. పిల్లలు రెండూ కంఠస్థం చేసి, మార్కులు తెచ్చుకొని, ఆ పాఠమే ప్లాస్టిక్ రూపంలో జేబులో ఉన్న సంగతి తెలియకుండానే కాలేజీ దాటిపోతారు. పాత కార్డు ఒకటి తెచ్చి తరగతిలో చింపి చూపించడానికి పైసా ఖర్చు లేదు. ఎవరూ చూపించరు.

రాయలసీమ పల్లెల్లో పెద్దవాళ్లకు కపిల బావి గుర్తుండే ఉంటుంది. ఎద్దులు వాలు బాటలో దిగుతూ మోకు లాగితే, తోలు బాన నీళ్లతో పైకి వచ్చేది. ఆ బావిలో ఒక కొంటె కుర్రాడు ఉన్నాడనుకోండి. బాన లాగే బలం వాడికి లేదు. అరిస్తే పైకి వినపడదు. చేయగలిగింది ఒక్కటే, మోకు పట్టుకొని వేలాడటం, వదిలేయడం. వేలాడితే ఎద్దుల మెడమీద కాడి బరువెక్కుతుంది, వదిలితే తేలికపడుతుంది. ఎద్దులు బావిలోకి తొంగి చూడనక్కర్లేదు. కుర్రాడి కబురు వాటి మెడకే తెలుస్తుంది. బలమంతా ఎద్దులది, మాట మాత్రం కుర్రాడిది.

కౌంటరు యంత్రం ఎద్దుల జత. దాని చుట్టలో కరెంటు సెకనుకు కోటీ 35 లక్షల 60 వేల సార్లు ఊగుతుంది. అంటే 13.56 మెగాహెర్ట్జ్. ఆ అయస్కాంత క్షేత్రంలోకి కార్డు వచ్చిందా, కార్డు చుట్టలో కరెంటు పుట్టి చిప్ మేలుకుంటుంది. మేలుకున్న చిప్ చేసేది రేడియో స్టేషనులా ప్రసారం చేయడం కాదు. తన చుట్టకు అడ్డంగా ఒక చిన్న నిరోధాన్ని కలుపుతుంది, తీస్తుంది, కలుపుతుంది, తీస్తుంది. కలిపినప్పుడు యంత్రం మీద భారం పెరుగుతుంది, దాని చుట్టలో వోల్టేజి రవ్వంత మారుతుంది. ఆ రవ్వంతే మాట.

ఎంత రవ్వ? అసలు సంకేతంలో చాలాసార్లు వెయ్యో వంతుకంటే తక్కువ. ఎద్దులకు దారిలో రాయి తగిలినా కాడి అదురుతుంది. కుర్రాడు వేలాడాడో, రాయి తగిలిందో ఎలా తేలేది? అందుకే వాడు ఒక లయ పట్టుకొని లాగుతాడు. రాళ్లకు లయ ఉండదు కదా. చిప్ కూడా అంతే, క్షేత్రం 16 సార్లు ఊగేలోగా ఒకసారి కలిపి తీస్తుంది. 13.56 మెగాహెర్ట్జ్‌ను 16తో భాగిస్తే 847.5 కిలోహెర్ట్జ్, అదే కుర్రాడి లయ. యంత్రంలోని వడపోత సర్క్యూట్ అసలు పౌనఃపున్యాన్ని పక్కకు నెట్టి, దానికి ఇటూ అటూ 847.5 కిలోహెర్ట్జ్ దూరంలో పుట్టే రెండు పిల్ల సంకేతాలకోసమే చెవి ఒగ్గి ఉంటుంది. ఒక బిట్, అంటే 1 లేదా 0 అనే ఒక్క ముక్క, చెప్పడానికి పట్టే వ్యవధి 128 ఊపులు. మొదటి సగంలో నాలుగుసార్లు లాగి, రెండో సగంలో ఊరుకుంటే 1. మొదట ఊరుకొని తర్వాత లాగితే 0. ఈ లెక్కన సెకనుకు లక్షా ఆరువేల బిట్లు. బైటుకు ఎనిమిది బిట్లు కనుక కార్డు తన ఏడు బైట్ల నంబరు చెప్పడానికి అర మిల్లీసెకను పైచిలుకు సరిపోతుంది. బిల్లు కౌంటరు దగ్గర మీరు వినే కీచు శబ్దం కబురు ముగిశాక వచ్చేది.

ఈ పోలిక ఒకచోట చెల్లదు. మోకు ఎంత పొడుగున్నా బరువు అందుతుంది. అయస్కాంత క్షేత్రం అలా కాదు. చుట్ట సైజు దాటాక దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దూరం పదింతలైతే వెయ్యో వంతు. కార్డు జవాబు తిరిగి రావడంలోనూ ఇదే కోత. రెండూ గుణిస్తే పదింతల దూరానికి పది లక్షల వంతు. చిప్ మేలుకోవాలంటే మీటరుకు కనీసం 1.5 ఆంపియర్ల క్షేత్రం ఉండాలని ఈ కార్డుల అంతర్జాతీయ ప్రమాణం. మామూలు యంత్రం నుంచి నాలుగైదు సెంటీమీటర్లు దాటితే అది కష్టమవుతుంది. 2006లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఇద్దరు పనిగట్టుకొని తయారుచేసిన పరికరం అందుకున్న దూరం సుమారు 25 సెంటీమీటర్లు, జానెడు పైన. కౌంటరు దగ్గర మీ కార్డును అసలు యంత్రమే మేల్కొలిపిన క్షణంలో, పక్కన నిలబడి వినేవాడికి మాత్రం ఇంకాస్త వెసులుబాటు ఉంది. వాడు బరువు లాగనక్కర్లేదు, చెవి పెడితే చాలు. కొన్ని మీటర్ల నుంచి వినొచ్చు.

కాబట్టి పాఠకురాలి తమ్ముడి రేకు నిజంగానే పనిచేస్తుంది. లోహంలో పుట్టే సుడి కరెంట్లు క్షేత్రాన్ని అడ్డుకుంటాయి. అది మూఢనమ్మకం కాదు. రేకు చుట్టేశాను, ఇక నా గుట్టు భద్రం అనుకోవడమే మూఢనమ్మకం.

అన్ని చిప్పులూ ఇంత దగ్గరి మాటకారులు కావు. కర్నూలు నుంచి అనంతపురం వెళ్లే దారిలో అమకతాడు టోల్ గేటు దగ్గర కారు అద్దం మీది ఫాస్టాగ్‌ను చదివేది వేరే పద్ధతి. అది 865 మెగాహెర్ట్జ్ పైన పనిచేసే తరంగం, ట్యాగు మీద పడి వెనక్కి మళ్లుతుంది, మీటర్ల దూరం అందుతుంది. బట్టల షాపుల ధర చీటీల్లోకి వస్తున్న చిప్పులు ఎక్కువగా ఈ జాతివే. వాటిని చింపి చెత్తబుట్టలో వేయండి.

ఇంతకీ మన కార్డు చెప్పే మాట ఏమిటి? పేరు కాదు, చిరునామా కాదు, కొన్న కందిపప్పూ కాదు. ఒక నంబరు. మామూలుగా నాలుగు లేదా ఏడు బైట్లు. ఎదుటి యంత్రం ఎవరిదని అడగకుండా, తాళంచెవి చూపించమనకుండా, పిలిచిన ప్రతివాడికీ చెప్పేస్తుంది. ఒకేసారి రెండు కార్డులు క్షేత్రంలోకి వస్తే ఏది ఏదో తేల్చుకోవడానికి ఆ నంబరు ముందే చెప్పాలన్నది ప్రమాణంలోని నియమం. చాలా ఎలక్ట్రానిక్ పాస్‌పోర్టులు తెలివైనవి, ప్రతిసారీ ఒక కొత్త అబద్ధపు నంబరు చెబుతాయి. ఇది యాదృచ్ఛిక సంఖ్య సుమా అని తెలియడానికి మొదటి బైటు 08 అని పెడతాయి. చవక కార్డు ఆ బాధ పడదు. నిన్న చెప్పిందే నేడూ చెబుతుంది, ఏడాది తర్వాతా చెబుతుంది.

జర్మనీలోని రైన్‌బెర్గ్ ఊళ్లో మెట్రో అనే పెద్ద వ్యాపార సంస్థ 2003లో ‘భవిష్యత్ దుకాణం’ తెరిచింది. 2004 మొదట్లో గోప్యత ఉద్యమకారులు ఆ దుకాణం పాయింట్ల కార్డుల్లో చిప్పులున్నాయని బయటపెట్టారు. కొనుగోలుదారులకు ఎవరూ చెప్పలేదు. సినిమా ట్రైలర్లు చూసేవాళ్ల వయసు తేల్చుకోవడానికే అని సంస్థ సంజాయిషీ చెప్పుకుంది. ధర్నా జరిగింది, కార్డులు వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవలో జనానికి చిప్ భయం పట్టుకుంది. చిప్ నంబరును కొన్న సరుకులతో జతచేసి నెలల తరబడి దాచే పద్దు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ పద్దులో పేరు లేకపోతే ప్రమాదం లేదనుకుంటాం. కర్నూలు నగర జనాభా 2011 లెక్కల్లో సుమారు 4 లక్షల 30 వేలు. అంతమందిలో ఒకరిని పట్టుకోవడానికి అవును, కాదు అనే జవాబులు ఎన్ని కావాలి? ప్రతి ప్రశ్నా గుంపును సగానికి కోస్తే 19 చాలు, ఎందుకంటే 2ను 19 సార్లు హెచ్చిస్తే 5,24,288. ప్రపంచం మొత్తానికైనా 33 సరిపోతాయి. ఒక్కో జవాబు ఒక్కో బిట్.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక దుకాణం 16,384 కార్డులు పంచిందనుకుందాం, అంటే 14 బిట్లు. ఒక గంటలో 64 మంది బిల్లు కట్టారు. మీరు ఫలానా మంగళవారం సాయంత్రం ఆరూ ఏడూ మధ్య అక్కడ కనిపించారని ఎవరికో తెలుసు. ఆ ఒక్క ముక్కతో 14లో 8 బిట్లు కరిగిపోయాయి, మిగిలింది 64 కార్డులు. 16,384లో 64 అంటే 256లో ఒకరు. మరో రోజు మరో గంట తెలిస్తే, ఆ 64ను మళ్లీ 256తో భాగించాలి. పావు మనిషి మిగులుతాడు! అంటే మీరు తప్ప ఇంకొకరు ఉండే అవకాశం చాలా తక్కువ. నిజానికి జనం ఇంత చెదురుగా రారు. ఆదివారం సాయంత్రం వచ్చేవాళ్లు ప్రతి ఆదివారమూ వస్తారు కనుక రెండో ముక్క ఇన్ని బిట్లు ఇవ్వదు. మరి ఎన్ని ముక్కలు కావాలి? 2015లో ‘సైన్స్’ పత్రికలో ద మోంజోయ్ అనే పరిశోధకుడి బృందం జవాబిచ్చింది. 11 లక్షల మంది మూడు నెలల క్రెడిట్ కార్డు పద్దులు తీసుకున్నారు, పేర్లు, కార్డు నంబర్లు లేకుండా. ఏ దుకాణం, ఏ రోజు అన్న వివరం నాలుగు కొనుగోళ్లకు తెలిస్తే చాలు, నూటికి 90 మంది పద్దు అందరిలోంచి విడివడి కనిపించింది. ధర కూడా సుమారుగా తెలిస్తే పని ఇంకా సులువైంది.

ఎన్నటికీ మారని నంబరు చేసే పని ఇదే. రోజులన్నిటినీ ఒకే దారానికి గుచ్చుతుంది. పిల్లల డైపర్ల ప్యాకెట్లు చూడండి, ఎన్ని కిలోల బిడ్డకో వాటిమీదే అచ్చు వేసి ఉంటుంది. చిన్న సైజు నుంచి మధ్య సైజుకు మారిన తేదీ చాలు, ఆ ఇంట్లో బిడ్డ ఎంత ఎదిగిందో పద్దుకు తెలిసిపోవడానికి. బియ్యం సంచి తగ్గి కొర్రలు, రాగిపిండి పెరిగి, చక్కెర మాయమైతే ఆ ఇంట్లో ఎవరికో డాక్టరు ఏదో చెప్పాడన్నమాట.

కడప, అనంతపురం, కర్నూలు దుకాణాల్లో ఇప్పటికీ ఎక్కువగా నడిచేది కార్డు కూడా కాదు. ‘నంబరు చెప్పండి మేడమ్’ అంటారు. ఆమె పది అంకెలూ పైకి చదువుతుంది, వెనక వరసలో ఉన్న ఆరుగురూ వింటారు. కార్డును పలికించాలంటే మామూలు యంత్రం నాలుగైదు సెంటీమీటర్లలోకి రావాలి, మన గొంతు మాత్రం తలుపు దాకా వెళ్తుంది! పైగా చిప్ నంబరు ఆ ఒక్క దుకాణానిది. ఫోను నంబరు బ్యాంకుది, గ్యాసుది, బడిది, ఆసుపత్రిది. వేరువేరు పద్దులను కలిపి కుట్టడానికి అంతకంటే మంచి సూది లేదు. బిల్లు ఇవ్వడానికి ఫోను నంబరు కోసం పట్టుబట్టవద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు సూచించింది. అదే ఏడు ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే వ్యాపారుల మీద ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అందాకా ‘నంబరు ఇవ్వను, బిల్లు ఇవ్వండి’ అని మనమే అనాలి. మొహమాటం పడితే పని జరగదు.

ఇంకో ఉపాయం ఉంది, హాస్టలు పిల్లలకు బాగా తెలుసు. గదిలో నలుగురూ ఒకే కార్డు వాడటం. నలుగురి సరుకులు కలిసిన పద్దులో ఒక వింత మనిషి తయారవుతాడు, వారానికి మూడు షాంపూలు, నాలుగు రకాల పళ్లపొడి, పది ప్యాకెట్ల బొరుగులు. ఆ మనిషిని ఏ కంప్యూటరూ ఇంటికి చేర్చలేదు. కానీ ఆ నలుగురూ కౌంటరు దగ్గర ఎవరి ఫోనుతో వాళ్లు డబ్బు చెల్లిస్తే, ప్రతి బిల్లుకూ వేరే యూపీఐ గుర్తింపు అంటుకుంటుంది, వింత మనిషి మళ్లీ నలుగురిగా విడిపోతాడు. ఈ ఉపాయం పారాలంటే నోట్లే ఇవ్వాలి.