ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్: పాడేవాళ్లు నమ్మే అపోహలు, అసలు సంగతులు

నేను వెస్టర్న్ వోకల్స్ నేర్పుతాను, ఎక్కువగా జాజ్. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చిన్నప్పుడు కొంత కర్ణాటక సంగీతం నేర్చుకుని, తర్వాత సినిమా పాటల్లో పడ్డవాళ్లే. జాజ్ గాయని అనగానే వాళ్లు చెప్పే మొదటి పేరు అమెరికా గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్. ఆ వెనకే ఫోన్లో చూసిన కథలూ వచ్చేస్తాయి. కొన్ని సగం నిజం, కొన్ని ఉత్త గాలి కబుర్లు. కథలు కథలుగా ఉంటే నాకేం బాధ లేదు. కానీ ఆమె దగ్గర నేర్చుకోవాల్సిన పనితనమంతా ఈ కబుర్ల వెనక కనబడకుండా పోతోంది.

అపోహ: పుట్టుకతోనే గాయని, స్టేజి ఎక్కిన రోజే స్టార్.

1934 నవంబర్ 21న న్యూయార్క్ హార్లెంలోని అపోలో థియేటర్‌లో అమెచ్యూర్ పోటీకి వచ్చినప్పుడు ఆమెకు 17 ఏళ్లు. వచ్చింది పాడడానికి కాదు, డాన్స్ చేయడానికి. తనకన్నా ముందు ఆడిన అక్కచెల్లెళ్ల జంట అదరగొట్టేసరికి భయపడి, అప్పటికప్పుడు పాటకు మారింది. పాడింది కూడా సొంత బాణీ కాదు. కానీ బాస్వెల్ (Connee Boswell) అనే గాయనిని ఇంట్లో రికార్డుల మీద విని, ఆమెనే అచ్చంగా అనుకరించింది. మొదటి బహుమతి వచ్చింది నిజమే, కానీ బతుకు వెంటనే మారిపోలేదు. డ్రమ్మర్ చిక్ వెబ్ మొదట ఆమెను బ్యాండ్‌లోకి తీసుకోవడానికే ఇష్టపడలేదు. యేల్ యూనివర్సిటీలో ఒక డాన్స్ ప్రోగ్రాంలో పాడించి చూశాకే ఒప్పుకున్నాడు. పెద్ద హిట్ 1938లో వచ్చింది. 1939లో వెబ్ చనిపోయాక ఆ బ్యాండ్‌ను కొన్నేళ్లు ఆమె పేరు మీదే నడిపారు. ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే సాంగ్ బుక్ రికార్డులు (ఒక్కో పాటల రచయిత పాటలతో ఒక్కో ఆల్బమ్) మొదలైంది 1956లో, అంటే అపోలో తర్వాత 22 ఏళ్లకు. ఆ మధ్య కాలమంతా బస్సులు, డాన్స్ హాళ్లు, రాత్రుళ్లు పాడడమే. నాలుగు నెలల్లో ‘వాయిస్ సెట్’ చేయమని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఈ లెక్కే.

అపోహ: స్కాట్ (జాజ్‌లో మాటల్లేకుండా ఉత్త అక్షరాలతో పాడడం) అంటే నోటికొచ్చిన శబ్దాలు చేయడమే.

ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ‘షూ-బీ-డూ’ అనుకుంటూ ఎవరైనా ఒక నిమిషం లాగించేయొచ్చు. ఆ తర్వాత పాటలో ఎక్కడున్నారో వాళ్లకే తెలియదు. స్కాట్ పాడుతున్నంతసేపూ కింద ఆ పాట కార్డ్స్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) అదే వరుసలో తిరుగుతూ ఉంటాయి. చాలా పాటల్లో 32 బార్లు, అంటే తాళం లెక్కలో 32 చిన్న భాగాలు, పూర్తయితే మళ్లీ మొదటికి. మాటలు ఉండవు కాబట్టి గుర్తుపెట్టుకోవడానికి ఆసరా కూడా ఉండదు. ఏ బార్‌లో ఏ కార్డ్ నడుస్తోందో చెవికి తెలియాలి, పాడే స్వరం దానికి అతకాలి.

అక్షరాలు కూడా ఊరికే వచ్చి పడవు. ‘డ’, ‘బ’ అంటే ట్రంపెట్ వాయించేవాళ్లు నాలుకతో కొట్టినట్టు స్వరం తెగి వినబడుతుంది. ‘య’, ‘ల’ వేస్తే ఒక స్వరం ఇంకోదానిలోకి జారుతుంది. ‘న్’ అని మూస్తే స్వరం సగం మింగేసినట్టు ఉంటుంది. వాయిద్యాలు చేసే పనిని గొంతుతో చేయాలని చూశానని ఎల్లానే చెప్పింది. 1946లో ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బ్యాండ్‌తో ఊళ్లు తిరిగినప్పుడు బీబాప్ అనే వేగమైన కొత్త తరహా జాజ్ వాయించేవాళ్ల పక్కనే రోజూ నిలబడి వినడం ఆమెకు పెద్ద చదువు. ‘హౌ హై ద మూన్’ పాటను ఆమె 1947 నుంచీ పాడుతోంది. 1960 బెర్లిన్ కచేరీలో అదే పాట వినండి. మధ్యలో సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ బాణీ వస్తుంది, ఎన్నో వేరే పాటల ముక్కలు వస్తాయి. ‘కళ్లల్లో పొగ’ అనే పాత పాట వరుసను తీసుకుని ‘కళ్లల్లో చెమట’ అని మార్చి పాడుతుంది. చాలా భాగం ఏళ్ల తరబడి సానబెట్టుకున్నదే. అప్పటికప్పుడు పుట్టినట్టు వినిపించడం ఆమె గొప్పతనం.

కర్ణాటకం నేర్చుకున్న పిల్లలు వెంటనే అడిగేది, ‘ఇది కల్పనస్వరమే కదా సార్?’ అని. కొంతవరకే. మనకు స-రి-గ అన్న అక్షరమే స్వరస్థానం, రాగం గీసిన గీత దాటం. స్కాట్‌లో అక్షరానికీ స్వరానికీ లంకె లేదు, పైగా కార్డ్ మారినప్పుడల్లా నప్పే స్వరాలు మారిపోతాయి. లెక్క తప్పకుండా చేరాల్సిన చోటికి చేరడం మాత్రం రెండింటికీ ఉంది. అందుకే ఈ పిల్లలకు తాళం దగ్గర బెంగ ఉండదు, కార్డ్స్ దగ్గర తడబడతారు. ముందు బేస్ గిటార్ వాయించే వరుసను గొంతుతో పాడిస్తాను. అది వచ్చేదాకా ‘షూ-బీ-డూ’ జోలికి పోనివ్వను.

ఇంకో చిన్న మాట. 1926లో జాజ్ గాయకుడు, ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలో కాగితం కింద పడి, మాటలు గుర్తురాక స్కాట్ పుట్టిందనే కథ వినడానికి బాగుంటుంది. కానీ 1911లోనే జీన్ గ్రీన్ పాడిన రికార్డులో అలాంటిది ఉంది.

అపోహ: బెర్లిన్‌లో మాటలు మరిచిపోయి అదృష్టంతో బయటపడింది.

1960 ఫిబ్రవరి 13, పశ్చిమ బెర్లిన్. ‘మ్యాక్ ద నైఫ్’ మొదలుపెట్టే ముందే, మాటలన్నీ గుర్తుంటాయని ఆశిద్దాం అంటుంది. సగం దాటాక నిజంగానే ఎగిరిపోయాయి. అక్కడి నుంచి ఏం చేస్తుందో జాగ్రత్తగా వినండి. తర్వాతి చరణం ఏంటో తెలియట్లేదన్న సంగతినే ఆ వరుసలో పాడేస్తుంది. ఈ పాటను రికార్డు చేసిన బాబీ డారిన్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేర్లు ఇరికిస్తుంది. ఇప్పుడు మేమంతా కలిసి పాటను పాడుచేస్తున్నాం అంటుంది. ఆ తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ బొంగురు గొంతు దించేస్తుంది. ఇంతలో బ్యాండ్ చరణాల మధ్య స్కేల్‌ను అర మెట్టు చొప్పున పైకి తీసుకెళ్తూనే ఉంది. ఒక్కచోట కూడా ఆమె శ్రుతి తప్పలేదు, ఎత్తుగడ జారలేదు. పోయింది మాటలొక్కటే. మిగతాదంతా పదిలంగా ఉంది కాబట్టే నవ్వుతూ ఆడుకోగలిగింది. ఆ పాటకూ, ఆ ఆల్బమ్‌కూ రెండు గ్రామీలు వచ్చాయి. స్టేజి మీద మాట మరిచిపోతే టెన్షన్‌తో పాట ఆపేసేవాళ్లకు నేను ముందు వినిపించేది ఇదే.

అపోహ: గొంతుతో గాజు గ్లాసు పగలగొట్టింది.

అది 1970ల్లో వచ్చిన మెమోరెక్స్ క్యాసెట్ యాడ్. ఆమె స్వరాన్ని స్పీకర్‌లో బాగా పెంచి గ్లాసు మీదికి వదిలారు. గ్లాసు సహజంగా మోగే స్వరమూ, పాడే స్వరమూ ఒకటై, శబ్దం చాలా గట్టిగా ఉంటే గాజు పగులుతుంది. దీన్ని చూసి గొంతు చించుకుని సాధన చేయకండి. ఆమె పాడిన తీరులో అరుపు ఎక్కడా లేదు.

అపోహ: నల్లజాతివాళ్లను రానివ్వని హాలీవుడ్ నైట్ క్లబ్ మొకాంబో తలుపులు సినిమా తార మార్లిన్ మన్రో ఆమె కోసం తెరిపించింది.

మన్రో సాయం చేసిన మాట ఎల్లా స్వయంగా చెప్పిందే. ఈమెకు అవకాశమిస్తే రోజూ ముందు టేబుల్లో కూర్చుంటానని క్లబ్ ఓనర్‌కు ఫోన్ చేసిందట. ఎల్లా అక్కడ 1955 మార్చిలో పాడింది. అయితే డొరొతీ డాండ్రిజ్, అర్థా కిట్ వంటి నల్లజాతి కళాకారిణులు ఆ క్లబ్‌లో అంతకుముందే ప్రదర్శనలిచ్చారు. ఎల్లా విషయంలో అడ్డం వచ్చింది ఎక్కువగా గ్లామర్ లెక్క, లావుగా ఉన్న జాజ్ గాయని అలాంటి చోట నప్పుతుందా అని. ఎల్లా, మన్రో పక్కపక్కన కూర్చున్న ఫొటో కూడా మొకాంబోది కాదు, 1954లో టిఫనీ క్లబ్‌లో తీసింది.

ఇలా అంటే వర్ణవివక్ష లేదని కాదు. 1954లో ఆస్ట్రేలియా వెళ్తూ హోనొలూలూలో ఆమెనూ వెంట ఉన్నవాళ్లనూ విమానం ఎక్కనివ్వలేదు. కోర్టుకు వెళ్లి పరిహారం తీసుకున్నారు. 1955లో హ్యూస్టన్‌లో తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ కలిపి కూర్చోబెట్టాలని మేనేజర్ నార్మన్ గ్రాంజ్ పట్టుబట్టిన రాత్రి, పోలీసులు డ్రెస్సింగ్ రూమ్‌లోకి దూరి పాచికల జూదం పేరు చెప్పి ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్లారు. సినిమా తార లేని ఈ కథలు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

అపోహ: ఆమె పాటలో బాధ ఉండదు, ఇంకో జాజ్ గాయని బిల్లీ హాలిడేలా గుండె పిండదు.

బతుకులో కష్టానికేం తక్కువ లేదు. పదిహేనేళ్ల వయసులో తల్లి పోయింది, ఆ తర్వాత ఆడపిల్లల సంస్కరణ పాఠశాలలో ఉంచారు. ఆ రోజుల గురించి ఆమె దాదాపు నోరు విప్పలేదు. హాలిడే తాళం కన్నా వెనకగా నడుస్తూ, వరుసను వంచి తన కథగా చెబుతుంది. ఎల్లా మాటను స్పష్టంగా పలికి, వరుసను నిటారుగా ఉంచి పక్కకు తప్పుకుంటుంది. ఇది పద్ధతిలో తేడా. నమ్మకం లేకపోతే 1950లో ఎలిస్ లార్కిన్స్ పియానో ఒక్కటే తోడుగా పాడిన, స్వరకర్త గెర్ష్విన్ పాటలు వినండి. 1973లో జో పాస్ గిటార్‌తో చేసిన ఆల్బమ్ కూడా.

ఆ గెర్ష్విన్ పాటల్లో ఒకటి క్లాసులో ఇస్తుంటాను, షరతు ఒకటే: వరుసను ఒక్క స్వరం కూడా మార్చకూడదు, సంగతులు (వరుసకు చేర్చే మెలికలు) వేయకూడదు, ఊపిరి మాట మధ్యలో తీసుకోకూడదు. స్కాట్ చేయమంటే నేను ముందంటే నేను ముందని లేచేవాళ్లు, ఇది పాడమంటే నీళ్లు నములుతారు.