ఓర్క్ బార్బేరియన్: "రేజ్ పెడితే చావడు" అన్న పుకారు, ఇంకొన్ని

పోయిన శనివారం మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట మొదలయ్యే ముందు కొత్త కుర్రాడొకడు తన క్యారెక్టర్ షీట్ నా చేతిలో పెట్టాడు. ఓర్క్ జాతి, బార్బేరియన్ (కోపంతో ఊగిపోయి, అంటే రేజ్ పెట్టి, కొట్లాడే యోధుడు), మొదటి లెవెల్. స్ట్రెంగ్త్ (బలం) 17, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) 13, కరిష్మా (ఆకర్షణ) 14, విజ్డమ్ (వివేకం) 8.

"కాన్‌స్టిట్యూషన్ పదమూడేనా తమ్ముడూ?"

"రేజ్ పెడితే దెబ్బ సగమే కదన్నా. పైగా ఓర్క్. చావడు."

డీఎంగా (ఆట నడిపే డంజన్ మాస్టర్‌గా) కూర్చోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఏదో రీల్‌లో చూస్తారు, అదే వేదమనుకుంటారు.

అపోహ: రేజ్‌లో ఉంటే ఏ దెబ్బైనా సగమే.

వాస్తవం: కత్తి కోత, బాణం పోటు, గద మోత. ఈ మూడే సగం. నిప్పు, చలి, విషం, పిడుగు, మనసు మీద పడే దెబ్బ, ఇవన్నీ పూర్తిగా మీ ఖాతాలోకే. ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకో అనుమానం ఉంది. 2014 నాటి పాత రూల్స్‌లో టోటెమ్ వారియర్ (బార్బేరియన్‌లో ఒక శాఖ) ఎలుగుబంటిని ఎంచుకుంటే సైకిక్ (మనసు మీది దెబ్బ) తప్ప అన్ని దెబ్బలూ సగమయ్యేవి. అదైనా మూడో లెవెల్‌కి, ఆ ఒక్క దారి పట్టినవాళ్లకే. 2024 కొత్త రూల్స్‌లో వైల్డ్ హార్ట్ (అదే శాఖకి కొత్త పేరు) ఎలుగుబంటికి ఫోర్స్, నెక్రోటిక్, రేడియంట్ అనే దెబ్బలు కూడా మినహాయింపుల్లో చేరాయి. రీల్‌లో ఎలుగుబంటి ఎగిరిపోయింది, "అన్నీ సగం" మాత్రం మిగిలింది.

దీనికి తోడు రెండో లెవెల్లో రెక్‌లెస్ అటాక్ వస్తుంది. మీకు అడ్వాంటేజ్ (డై రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) దొరుకుతుంది, బాగానే ఉంది. మీ తర్వాతి వంతు వచ్చేదాకా ఎదుటివాళ్లకీ అడ్వాంటేజే. మీ ఆర్మర్ క్లాస్ (మీకు దెబ్బ తగలాలంటే ఎదుటివాడికి రావాల్సిన మొత్తం) 14 అనుకోండి. ప్లస్ నాలుగుతో కొట్టే గోబ్లిన్‌కి ఇరవై ముఖాల డై మీద 10 పడితే చాలు, అంటే నూటికి 55. అడ్వాంటేజ్ ఇచ్చారా, దాదాపు 80. నలుగురు గోబ్లిన్లు చుట్టుముట్టినప్పుడు ఈ తేడా ఏమిటో షీట్ మీద కనపడదు, రెండు రౌండ్లు పోయాక హిట్ పాయింట్ల (ప్రాణం లెక్క) గడిలో కనపడుతుంది.

విజ్డమ్ సంగతి ఇంకా దారుణం. బార్బేరియన్‌కి సేవింగ్ త్రోల్లో (ముప్పు తప్పించుకోవడానికి వేసే డైలో) ప్రొఫిషెన్సీ, అంటే అదనపు బోనస్, ఉన్నది స్ట్రెంగ్త్‌కి, కాన్‌స్టిట్యూషన్‌కి మాత్రమే. ఎవడో మూల నిలబడి హోల్డ్ పర్సన్ మంత్రం వేస్తాడు, అది విజ్డమ్ సేవ్. తప్పితే కొయ్యబొమ్మలా నిలబడిపోతారు. 2024 రూల్స్‌లో ఇన్‌కెపాసిటేటెడ్ (ఏమీ చేయలేని స్థితి) అయిన క్షణమే రేజ్ కూడా ఆరిపోతుంది. ఇక ఐదడుగుల లోపు నుంచి తగిలిన ప్రతి దెబ్బా క్రిటికలే, అంటే దెబ్బకి వేసే డైలు రెట్టింపు. 8 పెట్టుకున్నవాళ్లు దాన్ని ఏ ధైర్యంతో పెట్టుకున్నారో నాకు అర్థం కాదు.

ఒక చావు గురించి చెప్పాలి. మూడో లెవెల్ పార్టీ, కుర్ర వయసు పచ్చ డ్రాగన్ (యంగ్ గ్రీన్ డ్రాగన్). మా ఓర్క్‌కి నిండా ఉంటే 35 హిట్ పాయింట్లు, ఆ సమయానికి 28 ఉన్నాయి. డ్రాగన్ విషం ఊదింది, పన్నెండు డి6 (ఆరు ముఖాల డైలు). సేవ్ తప్పాడు. 44 పడింది. "ఇరవై రెండే కదన్నా, రేజ్‌లో ఉన్నా" అన్నాడు ధీమాగా. విషానికి సగం లేదని చెప్పేసరికి మొహం మాడిపోయింది. ఓర్క్ కాబట్టి రిలెంట్‌లెస్ ఎండ్యూరెన్స్ పనిచేసి ఒక్క పాయింట్‌తో నిలబడ్డాడు. వెనక్కి రమ్మని క్లెరిక్ (వైద్యం చేసే పూజారి) అరుస్తోంది. వినలేదు, మళ్లీ రెక్‌లెస్‌గా గొడ్డలి ఎత్తాడు. డ్రాగన్ వంతుకి మూడు దెబ్బలు: మొదటి గోరుకి పడిపోయాడు, రెండో గోరుకి, మూడు పోతే చావే అనే డెత్ సేవ్‌లలో రెండు పోయాయి, కాటుకి మిగతాది అయిపోయింది. ఆ కుర్రాడు ఇరవై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పులో నాకూ వాటా ఉంది. షీట్ మొదటివారమే చూశాను, మొహమాటానికి ఊరుకున్నాను.

రిలెంట్‌లెస్ ఎండ్యూరెన్స్ లాంగ్ రెస్ట్‌కి (రాత్రంతా తీసుకునే విశ్రాంతికి) ఒక్కసారే. అది పారిపోవడానికి దొరికిన అవకాశం, మళ్లీ కొట్టడానికి కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఓర్క్‌కి తెలివి తక్కువ: 2016లో ఆటగాళ్లకిచ్చిన ఓర్క్‌కి ఇంటెలిజెన్స్‌లో మైనస్ రెండు ఉన్న మాట నిజమే, తర్వాత తీసేశారు. 2024 పుస్తకంలో జాతిని బట్టి ఏ స్కోరూ పెరగదు, తగ్గదు, అంతా బ్యాక్‌గ్రౌండ్ (క్యారెక్టర్ పాత వృత్తి) నుంచే. బార్బేరియన్ చొక్కా లేకుండానే తిరగాలి: అక్కర్లేదు. రేజ్‌కి అడ్డు హెవీ ఆర్మర్ మాత్రమే. 50 బంగారు నాణేలుంటే స్కేల్ మెయిల్ కొనుక్కోండి, చాటుగా నడిచేటప్పుడు చప్పుడవుతుంది, అంతే. గ్రేట్ యాక్సే గొప్పది: సగటు ఆరున్నర. గ్రేట్ స్వోర్డ్‌కి ఏడు. గొడ్డలి అందంగా ఉంటుందంటారా, నేనూ గొడ్డలే తీసుకుంటా.

ఇంకొకటుంది, చాలామంది పప్పులో కాలేసేది. ఓర్క్‌కి అడ్రినలిన్ రష్ ఉంది, డాష్‌తో (అదనపు పరుగుతో) పాటు కొన్ని టెంపరరీ హిట్ పాయింట్లు. మొదటి వంతులోనే రేజూ రషూ రెండూ అంటారు. కుదరదు, రెండూ బోనస్ యాక్షన్లే, వంతుకి ఒక్కటే దొరుకుతుంది. నా మొదటి క్యారెక్టర్ హాఫ్ ఓర్క్, 2014 రూల్స్. రేజ్ పెట్టి విలుకాడి వెంట పరిగెత్తా. ఆ వంతులో వాణ్ని అందుకోలేదు, నన్నెవరూ కొట్టలేదు, రేజ్ కాస్తా ఆరిపోయింది. ఉత్త ఆయాసం మిగిలింది. ఇప్పుడు బోనస్ యాక్షన్ ఖర్చు పెట్టి రేజ్‌ని నిలబెట్టుకోవచ్చు, మీ అదృష్టం.

"తప్పుగా కట్టుకున్నానేమో, ఇంగ్లిష్‌లో గొంతు మార్చి మాట్లాడాలేమో" అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టేవాళ్లకి ఒక మాట. మా టేబుల్ మీద ఓర్కులు తెలుగులోనే తిడతారు. మొదటి రెండు మూడు ఆటల్లో షీట్ మార్చుకోనివ్వని డీఎంని నేనింతవరకూ చూడలేదు. నోరు తెరిచి అడగండి.

ఆ కొత్త కుర్రాడితో రబ్బరు పట్టించా. మొదట్లో పంచుకోవాల్సిన అంకెల్లో 15ని స్ట్రెంగ్త్‌లో, 14ని కాన్‌స్టిట్యూషన్‌లో పెట్టి, బ్యాక్‌గ్రౌండ్ సోల్జర్ కాబట్టి ప్లస్ ఒకటి మొదటిదానికి, ప్లస్ రెండు రెండోదానికి. రెండూ 16. స్ట్రెంగ్త్ 17 ఉన్నా 16 ఉన్నా మాడిఫయర్ (డైకి కలిసే అంకె) మూడే కదా. డెక్స్‌టెరిటీ 13, విజ్డమ్ 12. కరిష్మాకి మిగిలింది 10.

"మరి భయపెట్టాలంటే ఎలా అన్నా?"

మూడో లెవెల్లో ప్రైమల్ నాలెడ్జ్ వస్తుంది, రేజ్‌లో ఉండగా ఇంటిమిడేషన్‌ని స్ట్రెంగ్త్‌తోనే వేసుకోవచ్చని చెప్పా. అందాకా బతికుండమన్నా.