వింటి నడుము ఎందుకు సన్నం?

డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ చిత్తడి నేలలో 1944లో ఎల్మ్ కర్రతో చేసిన విల్లు దొరికింది. దాని వయసు సుమారు 9,000 ఏళ్లు. లోహం ఎరగని మనుషులు రాతి పనిముట్లతో చెక్కిన విల్లు అది. దాని బొమ్మ చూసినప్పుడల్లా నా కళ్లు పిడి దగ్గరే ఆగిపోతాయి. పైబద్ద, కిందిబద్ద వెడల్పుగా, పలకగా ఉంటాయి. చెయ్యి పట్టే చోట మాత్రం కర్ర సన్నబడి, మందమెక్కుతుంది. అన్నిటికంటే గట్టిగా ఉండాల్సిన చోటే నడుము సన్నం చేశారేమిటి?

కర్ర బిరుసు లెక్కలో వెడల్పుది ఒక దారి, మందానిది ఇంకో దారి. వెడల్పు రెట్టింపు చేస్తే బిరుసు రెట్టింపవుతుంది. మందం రెట్టింపు చేస్తే ఎనిమిదింతలవుతుంది. అంటే పిడి వెడల్పు సగానికి తగ్గించినా, మందం రెండింతలు ఉంచితే బద్దకంటే నాలుగింతల బిరుసు మిగులుతుంది. పైగా బాణం పిడి పక్కనుంచే వెళ్లాలి. పిడి ఎంత సన్నమైతే బాణం అంత తక్కువ పక్కకు వాలుతుంది. గుప్పిటకూ హాయి. అమరకోశం వింటి నడిమి భాగానికి ‘లస్తకం’ అని విడిగా పేరే పెట్టింది, ఆ చోటు అంత ముఖ్యమైనది.

పిడి నుంచి బద్దలోకి దిగే వాలు దగ్గర తొందరపడకూడదు. మందం మెట్టులా తెగితే ఒత్తిడంతా ఆ మూలకే చేరి, విల్లు అక్కడే విరుగుతుంది. వాలు మెల్లగా జారాలి.

ఒక పచ్చి వేప పుల్లను వంచి చూడండి. బయటి వైపు నారలు సాగి చిట్లుతాయి, లోపలి వైపు నలిగి ముడతపడతాయి. వింటిలోనూ అంతే. విలుకాడికి అవతల, గురివైపు ఉండే ముఖం వెన్ను. విలుకాడి వైపుది పొట్ట. వెన్నుమీద నార తెగితే చీలిక లేచిపోతుంది. అందుకే బెరడు తీశాక వెన్నుమీద ఒకే వార్షిక వలయాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చెక్కుచెదరకుండా ఉంచుతారు. చెక్కేదంతా పొట్టవైపే. ఇంగ్లండువాళ్లు యూ అనే చెట్టు కర్రతో చేసే విల్లులో ఈ పని చెట్టే చేసిపెడుతుంది. సాగే తెల్లచెక్క వెన్నుకు వస్తుంది, నలుగుడుకు ఓర్చే చేవ పొట్టకు వస్తుంది.

ఇక అసలు ఓపిక బద్దల్ని సరిచెయ్యడంలో ఉంది. 10 మిల్లీమీటర్ల మందంలో ఒక్క మిల్లీమీటరు పోయిందంటే అక్కడి బిరుసు 27 శాతం పోయినట్టే! అందుకే బాడిస, చిత్రిక పక్కన పెట్టి, చివరికి గీకుడు పనిలోకి దిగాలి. విల్లును కొయ్యమీద నిలిపి, పొడవైన తాడు కట్టి, కొద్దికొద్దిగా లాగుతూ దూరం నుంచి వంపు చూస్తారు. వంగకుండా మొండికేసిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, దించి, నాలుగు గీకులు గీకి, మళ్లీ ఇరవై ముప్పై సార్లు లాగుతారు. గీకిన ఫలితం కర్రలో కనబడడానికి ఆ లాగుడు కావాలి. మరీ మెత్తబడి మడతలా వంగే చోటును ముట్టుకోనే కూడదు. మిగతా బద్దనే దాని దారికి తేవాలి. ఆ మడతను పట్టించుకోకపోతే పొట్టమీద అడ్డంగా సన్నని ముడతగీతలు లేస్తాయి. నలిగిన నార మళ్లీ కోలుకోదు.

కొసలకు పోయేకొద్దీ బద్ద సన్నబడాలి. నారి వదిలినప్పుడు అన్నిటికంటే వేగంగా కదిలేవి కొసలే. అక్కడ మిగిలిన బరువు బాణానికి దక్కాల్సిన శక్తిని తినేస్తుంది.

1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన ఓట్జీ అనే ప్రాచీన మానవుడి శవం పక్కన 1.82 మీటర్ల యూ కర్ర విల్లు దొరికింది. అతని ఎత్తు 1.60 మీటర్లే. 5,300 ఏళ్ల కిందటి ఆ విల్లు ఇంకా పూర్తికాలేదు. నారి తగిలించే గంట్లు పడలేదు, నునుపు చెయ్యలేదు. చెక్కిన దెబ్బలు వరసగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా కర్రమీద అలాగే ఉన్నాయి.