ఎనిమిది వేస్తే డ్రైవింగ్ వచ్చేసినట్టు కాదు: లైసెన్సు టెస్టు, మొదటి కారు గురించి అపోహలు, వాస్తవాలు

కోనసీమలో ఇరవై రెండేళ్ళుగా కారు నేర్పుతున్నాను. మా డ్రైవింగ్ స్కూలు గుమ్మం ఎక్కినవారిలో చాలామంది మొదట అడిగేది "ఎన్ని రోజుల్లో వచ్చేస్తుందండీ" అని, ఆ వెంటనే అడిగేది "ఎనిమిది వెయ్యడం నేర్పిస్తారు కదండీ" అని. ఎనిమిది వెయ్యడమంటే టెస్టులో గడలు పాతిన ఎనిమిది అంకె ఆకారపు దారిలో, గడ తగలకుండా కారు తిప్పడం. మొన్న ఒక తండ్రి కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, "మిగతాదంతా తర్వాత నేర్చుకుంటుందండి, ముందు ఎనిమిది ఒక్కటీ వేయించెయ్యండి, టెస్టు ఎల్లుండే" అన్నారు. అమ్మాయి ముఖంలో కంగారు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఆయన్ను తప్పుపట్టలేను, ఎందుకంటే ఊరంతా అదే మాట చెబుతోంది. ఆ మాట వల్ల జరుగుతున్న నష్టాన్ని రోజూ చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఎనిమిది వేయడం వస్తే టెస్టు పాసైనట్టే, డ్రైవింగ్ వచ్చినట్టే.

ఎనిమిది వేయడాన్ని బట్టీ పట్టించవచ్చు. ఎడమ అద్దంలో రెండో గడ కనపడగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి (ఫుల్ కట్), గడ తలుపు పిడి దగ్గరికి రాగానే స్టీరింగ్ స్ట్రెయిట్ చెయ్యాలి అని గుర్తులు చెబితే, చురుకైన మనిషి రెండు రోజుల్లో గడ తగలకుండా వేసేస్తారు. అయితే ఆ గుర్తులు ఆ కారుకీ, ఆ సీటు ఉన్న చోటికీ, ఆ మనిషి ఎత్తుకీ మాత్రమే సరిపోతాయి. సీటును రెండంగుళాలు ముందుకు జరిపితే గుర్తు తప్పుతుంది, కారు మారితే అసలు గుర్తే ఉండదు. అలా నేర్చుకున్నవారికి చక్రం ఎక్కడ తిరుగుతోందో తెలియదు, గడ ఎక్కడ కనపడాలో మాత్రమే తెలుస్తుంది.

టెస్టులో చూడవలసినవి ఏమిటో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన వివరంగానే చెబుతోంది. బండి కదిలించే ముందు అద్దాలు సరిచేసుకోవడం, కుదుపు లేకుండా బయల్దేరడం, పై గేరు దాకా వెళ్ళి అవసరాన్ని బట్టి దించుకోవడం, మలుపుకి ముందు అద్దం చూసి సకాలంలో సిగ్నల్ ఇవ్వడం, ఇరుకు చోటులోకి రివర్సులో వెళ్ళడం అన్నీ అందులో ఉన్నాయి. వాటితోపాటు, బాగా ఏటవాలుగా ఉన్న ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి ఏమాత్రం జారకుండా మళ్ళీ కదిలించడం కూడా ఉంది. మన వాళ్ళు ఎక్కువగా తప్పేది సరిగ్గా ఇక్కడే.

దీనికి కారణం మన నేల. ధవళేశ్వరం ఆనకట్ట దిగిన దగ్గర్నుంచి సముద్రం దాకా డెల్టా అంతా బల్లపరుపుగా ఉంటుంది. కొండ ప్రాంతంలో నేర్చుకునేవారికి మొదటి రోజే ఎదురయ్యే చడావు, అంటే ఏటవాలు ఎత్తు, ఇక్కడ నెల రోజులు నేర్చుకున్నా ఎదురు కాకపోవచ్చు. మనకున్న ఎత్తులు మూడే: కాలవ మీది వంతెన, హైవే ఎక్కే దారి, ఏటిగట్టు. కొత్తవారికి భయమని ఆ మూడింటి వైపూ తీసుకువెళ్ళకుండా పంట చేల మధ్య చదును రోడ్డు మీదే నేర్పేస్తారు. ఒకప్పుడు నేనూ అలాగే నేర్పాను.

ఆ తప్పు నాకు తెలిసివచ్చిన రోజు గుర్తుంది. నా దగ్గర నేర్చుకుని మొదటిసారే టెస్టు పాసైన ఒక కుర్రాడు, నెల తిరక్కుండానే తల్లిని కారులో ఎక్కించుకుని ఆత్రేయపురం వైపు ఏటిగట్టు ఎక్కబోయాడు. సగం ఎక్కేసరికి పైనుంచి గడ్డి ట్రాక్టరు దిగుతోంది. ఆపాడు, మళ్ళీ కదిలించబోతే ఇంజను ఆగిపోయింది. కంగారులో బ్రేకు మీద కాలు వదిలేశాడు, బండి వెనక్కి జారి వెనక చక్రం గట్టు అంచు దిగిపోయింది. అక్కడ ఒక తాటి చెట్టు ఉండబట్టి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాకు ఫోను చేసి ఆ అబ్బాయి అన్న మాట "మేస్టారూ, ఇది మీరు చెప్పలేదండి" అని. నిజమే, చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి ఏటిగట్టు ఎక్కించకుండా ఎవరినీ టెస్టుకి పంపలేదు.

చడావు మీద బండి కదిలించడం బ్రహ్మవిద్య కాదు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి ఉంచి, ఫస్టు గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్‌ను నెమ్మదిగా వదులుతూ రావాలి. ఒకచోట ఇంజను శబ్దం బరువెక్కుతుంది, బానెట్ ఒక వేలెడు పైకి లేచినట్టు కనపడుతుంది, సీటు కింద సన్నగా వణుకు తెలుస్తుంది. అదే హాఫ్ క్లచ్. కాలు అక్కడే నిలిపి హ్యాండ్ బ్రేకు దించితే బండి వెనక్కి జారదు. ఆ వణుకును ఒళ్ళు గుర్తుపట్టేదాకా ఇరవై ముప్పై సార్లు చెయ్యాలి, అంతే. చడావు మీద రెండుసార్లు ఫెయిలై, ఇక తన వల్ల కాదని ఏడుస్తూ వచ్చిన ఒక టీచరుగారి చేత మూడు ఉదయాలు ఇదొక్కటే చేయించాను. మూడో రోజు ఆమె కళ్ళు మూసుకుని, చెవితోనూ పాదంతోనూ ఆ చోటు పట్టుకున్నారు. తర్వాతి టెస్టులో పాసయ్యారు.

ఫెయిలైతే ఇక లైసెన్సు రాదనీ, రికార్డులో మచ్చ పడుతుందనీ భయపెట్టేవారి మాటలు నమ్మవద్దు. ఫెయిలైనవారు ఏడు రోజుల తర్వాత మళ్ళీ హాజరు కావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి టెస్టు నుంచి అరవై రోజులు ఆగాలి. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ముందుగా ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) వచ్చిన ముప్పై రోజులకు టెస్టుకి వెళ్ళవచ్చు, అది ఆరు నెలలు చెల్లుతుంది. కాబట్టి ముప్పై ఒకటో రోజునే వెళ్ళి తీరాలన్న తొందర ఎందుకో నాకు అర్థం కాదు. మధ్యవర్తికి డబ్బిస్తే ఎలా నడిపినా పాసవుతారన్న పుకారుకైతే నా దగ్గర ఓపిక లేదు. ఆ డబ్బుతో పది రోజులు అదనంగా నేర్చుకోండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఎల్‌ఎల్‌ఆర్ ఉంటే ఒంటరిగా నడపవచ్చన్నది తప్పు. పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రని 'ఎల్' ఉండాలి. ఆటోమేటిక్ కారుకి వేరే లైసెన్సు కావాలన్నదీ తప్పే, మన దేశంలో కార్లకు అటువంటి విభజన లేదు. అయినా గేర్ల బండి మీదే నేర్చుకోండి, ఇంట్లో అత్యవసరమైన రోజున ఏ బండి దొరుకుతుందో చెప్పలేం. పదో తరగతి పిల్లవాడికి తాళాలు ఇచ్చి మురిసిపోయే తండ్రులకు ఒక్క మాట: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పిల్లలు నడుపుతూ దొరికితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, ఇరవై ఐదు వేల జరిమానా పడతాయి, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఇక మొదటి కారు. పెద్ద బండి అయితేనే భద్రత అంటారు. కాలవ గట్టు మీద ఎదురుగా కొబ్బరి లారీ వచ్చి, పక్కన నీళ్ళు, ఇంకో పక్క ఆరబోసిన ధాన్యం ఉన్నప్పుడు కొత్త చేతికి పొట్టి బండే మేలు. ఎత్తయిన బండి కొంటే వరద నీటిలోనూ వెళ్ళవచ్చన్నది ఇంకా ప్రమాదకరమైన నమ్మకం. లంక గ్రామాలకు వెళ్ళే కాజ్‌వేల (నీటి మట్టానికి దగ్గరగా వేసిన దారుల) మీద నీరు పారుతున్నప్పుడు బండి ఎత్తు ఎంతన్నది కాదు, ప్రవాహం లాగే బలమెంతన్నది చూడాలి. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు వెళ్ళి బండి ఆగిపోతే, మళ్ళీ స్టార్టు చెయ్యకండి. చేస్తే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఆ ఖర్చు మామూలు ఇన్సూరెన్సులో రాదు.

సెకండ్ హ్యాండ్ కారు తెలిసినవారి దగ్గర కొంటే పేరు మార్పు తర్వాత చూసుకోవచ్చన్న నిర్లక్ష్యం ఇద్దరినీ ముంచుతుంది. యాజమాన్య బదిలీకి ఇచ్చే 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి బీరువాలో పెట్టుకుంటే బదిలీ జరిగినట్టు కాదు. అమ్మినవారు రాష్ట్రంలోనే అయితే పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషనులో పేరున్నవారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఇన్సూరెన్సు కూడా మీ పేరుకి మారకపోతే మీ బండి మరమ్మతుకి క్లెయిమ్ తిరస్కరించవచ్చు. కారు మీద పాత అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే పత్రాన్ని (ఎన్‌ఓసీ) కళ్ళతో చూడండి.

పాత కారు ట్రయలుకి వెళ్ళినప్పుడు చదును రోడ్డు మీద ఏసీ, పాటలు చూసి మురిసిపోకుండా దాన్ని ఏటిగట్టుకి పట్టుకెళ్ళండి. సగం ఎక్కి ఆపి, గేరు తీసేసి, హ్యాండ్ బ్రేకు ఒక్కదాని మీదే బండి నిలుస్తుందో లేదో చూడండి, పాదం మాత్రం ఫుట్ బ్రేకు పక్కనే ఉండాలి. తర్వాత అక్కడి నుంచే కదిలించండి. క్లచ్ దాదాపు పూర్తిగా పైకి వదిలేశాక గానీ బండి పట్టుకోవడం లేదంటే ప్లేట్లు అరిగిపోయాయన్నమాట. అక్కడే గట్టు మీద నిలబడి, కొత్త క్లచ్ సెట్టుకి అయ్యే ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.